గర్భసంచి తీసేశాక మళ్ళీ పరీక్షలెందుకు?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్ళు. ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనిపిస్తే చూపించాం. గర్భసంచి లోపొర క్యాన్సర్ అని ఆపరేషన్ చేశారు. కండరంలో సగం లోతు కూడా దిగలేదని, గ్రేడ్ 2 అని రిపోర్టు వచ్చింది. ఇప్పుడు పి53, ఎంఎంఆర్ పరీక్షలు చేయించమంటున్నారు. గడ్డే పోయాక ఇంకా ఇవెందుకని మేడ్చల్‌లోని మా బంధువులు అంటున్నారు. నిజంగా అవసరమా?
– ఒక పాఠకురాలు, శామీర్‌పేట

జవాబు: అవసరమే. మీ బంధువుల మాటా తీసిపారేయదగ్గది కాదు. ఈ క్యాన్సర్‌కు ఎన్నో ఏళ్ళుగా లోతే పెద్ద కొలత. 2009 నాటి ఫిగో (అంతర్జాతీయ స్త్రీవైద్యుల సమాఖ్య) విభజనలో కండరంలో సగానికి లోపైతే 1ఎ, సగమో ఆపైనో అయితే 1బి. ఆ కొలత ఇవాళ్టికీ చెల్లుతుంది, దాన్ని తేల్చేది సూక్ష్మదర్శినే. చిక్కల్లా ఏమిటంటే, ఒకే లోతున్న ఇద్దరిలో ఒకరికి జబ్బు అంతటితో పోతుంది, ఇంకొకరికి తిరగబెడుతుంది. ఈ తేడా ఎక్కడిదో 2013లో అమెరికా క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ పరిశోధన చాలావరకు తేల్చింది. ఈ గడ్డలు జన్యువుల రీత్యా నాలుగు రకాలు. పోల్ జన్యువులో మార్పున్నవాటి ఫలితాలు చాలా బాగుంటాయి. పి53 ప్రోటీన్ చెడినవి అన్నిటికన్నా మొండివి. అందుకే 2023 ఫిగో విభజనలో, గర్భసంచి దాటని గడ్డ అయినా పి53 చెడి కండరంలోకి కాస్త దిగితే చాలు, 2సి కింద లెక్క. అలాంటివారికి రేడియేషన్‌తో పాటు కీమో ఇస్తే మేలు జరిగిందని పోర్టెక్-3 అధ్యయనం చూపింది. గ్రేడ్ 2లో పి53 చెడడం అరుదే. అయినా అది ఉందో లేదో గడ్డ ముక్కకు రంగు వేసి చూస్తేనే తెలుస్తుంది.

ఎంఎంఆర్ పరీక్ష అమ్మగారితో ఆగదు, మీ దాకా వస్తుంది. దీంట్లో డీఎన్‌ఏలోని తప్పుల్ని సరిదిద్దే నాలుగు ప్రోటీన్లను చూస్తారు. ఎంఎల్‌హెచ్1 లేకపోతే చాలాసార్లు అది వంశపారంపర్యం కాదు, మరో పరీక్షతో నిర్ధారిస్తారు. ఎంఎస్‌హెచ్2 గానీ ఎంఎస్‌హెచ్6 గానీ లేకపోతే మాత్రం వంశపారంపర్యంగా వచ్చే లించ్ సిండ్రోమ్‌ను అనుమానించాలి. అదే ఉంటే పిల్లలకు, తోబుట్టువులకు పెద్దపేగు క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ. ముందే తెలిస్తే కొలనోస్కోపీలతో జాగ్రత్తపడవచ్చు.

ఇక ఇదంతా డబ్బు గుంజే ఎత్తేమోనన్న అనుమానం కొందరికి వస్తుంది. పరీక్షల పేర్ల చిట్టా పొడుగ్గా ఉంటే అలా అనిపించడం సహజం. ఎల్1క్యామ్ లాంటివి అందరికీ అక్కర్లేదు. పోల్‌కు జన్యుక్రమం చదవాలి కాబట్టి ఖర్చెక్కువ, దాని ఫలితంతో చికిత్స మారేటట్టుంటేనే చేయించండి. పి53, ఎంఎంఆర్ పరీక్షలను మాత్రం వదలొద్దు. వీటికి మళ్ళీ కోత లేదు. ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైనపు దిమ్మలో దాచి ఉంచుతారు, దాన్నే బ్లాకు అంటారు. మీ పక్కనున్న జీనోమ్ వ్యాలీలో ఎక్కువగా మందుల, టీకాల పరిశోధన సంస్థలే, ఈ పరీక్షల కోసం అక్కడికి నేరుగా వెళ్తే పని కాదు. ఆసుపత్రి పాథాలజీ విభాగం నుంచి బ్లాకు తీసుకుని, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జె ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో అడిగి చూడండి. బ్లాకు వెళ్తే చాలు, అమ్మగారు కదలక్కర్లేదు. రక్తనాళాల్లోకి గడ్డ పాకిందో లేదో రిపోర్టులో రాశారా అన్నదీ డాక్టరుగారిని అడగండి.