పులికాటు తీరమున పక్షుల పండుగ

తిరుపతి జిల్లాలో, చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రాజమార్గమునకు అనతిదూరమున, నేలపట్టు అను చిన్న గ్రామము కలదు. 2022వ సంవత్సరమునకు పూర్వము అది నెల్లూరు జిల్లాలో చేరియుండెడిది. మాగాణి పొలములు, ఒక చెఱువు, చెఱువును ఆనుకొనియున్న పొదల అడవి - ఇంతకు మించి ఆ గ్రామమునకు చెప్పుకొనదగిన సంపద లేదు. అయినను ఆ చెఱువును చూచుటకు దూరదేశములనుండి సైతము జనులు వచ్చుచుందురు. వారు చూడవచ్చునది నీటిని కాదు. నీటిలో నిలిచియున్న కడప చెట్లను, ఆ చెట్లపై కాపురముండు పక్షులను.

కడప చెట్టు నీటికి వెఱవని చెట్టు. దాని మొదలు నెలల తరబడి నీటిలో మునిగియున్నను కుళ్ళదు. ఈశాన్య ఋతుపవనముల వానలకు అక్టోబరు మాసమున చెఱువు నిండును; చెట్ల మొదళ్ళు నీట మునుగును. అప్పుడు గూడబాతులు వచ్చి కొమ్మలమీద పుల్లలు పేర్చుట మొదలిడును. నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు, స్వాతికొంగలు కూడ అచ్చటనే గూళ్ళు కట్టుకొనును. ఒక్కొక్క చెట్టు ఒక్కొక్క పేటవలె కిటకిటలాడుచుండును. చెఱువులో నీరు లేని ఏట పక్షులు రావు, వచ్చినను నిలువవు. చుట్టును నీరున్నంతకాలము ఆ చెట్ల దరికి చేరుట నక్కకును అడవిపిల్లికిని దుష్కరము. కోటకు అగడ్త యెట్టిదో గూటికి ఆ నీరు అట్టిది.

గూడబాతు మన దేశమునందలి పెద్ద పక్షులలో నొకటి. నాలుగైదు కిలోల బరువు తూగును. పొడవైన ముక్కు, ముక్కు పైభాగమున వరుసగా మచ్చలు, క్రింద వ్రేలాడు తోలుసంచి దాని గుర్తులు. ఆ సంచిలో చేపలు దాచుకొని పోవునని పలువురు అనుకొందురు గాని అది సరికాదు. ఆ సంచి జాలరి చేతి వల వంటిది. పక్షి చేపను నీటితో సహా అందుకొని, నీటిని జాఱవిడిచి, చేపను మ్రింగివేయును. గూటికి మరలిన పిమ్మట మ్రింగినదానిని వెలికి తెచ్చి పిల్లలకు పెట్టును. పిల్ల తన తలను తల్లి గొంతులోనికి దూర్చి తినునప్పుడు, క్రొత్తగా చూచువారికి తల్లియే పిల్లను మ్రింగుచున్నదేమో యను భయము కలుగును. సాధారణముగ గూటికి రెండు మూడు గ్రుడ్లుండును. ఆడుమగలు రెండును వంతులవారీగా నెలదినములు పొదుగును. పిల్లలకు రెక్కలు వచ్చి ఎగురుటకు మఱి మూడు నాలుగు నెలలు పట్టును. కనుక శరత్కాలమున వచ్చిన జంట మార్చి, ఏప్రిల్ మాసముల వఱకు ఆ చెఱువును విడిచి పోజాలదు.

ఆఱు నెలలు ఇన్ని పక్షులు ఊరి ప్రక్కన మకాము వేసినచో ఊరివారికి కలుగు ఇబ్బంది తక్కువది కాదు. పిల్లల అఱపులు, రెట్టల కంపు, క్రింద పడి కుళ్ళిన చేపల వాసన గాలి వీచినపుడెల్ల ఇండ్లలోనికి వచ్చును. గ్రామస్థులు దీనిని ఓర్చుకొనుటలో ప్రేమయు కలదు, లాభమును కలదు. ఆ రెండింటిని వేఱుచేసి చూడ నక్కఱలేదు. పక్షులు ఎక్కడెక్కడి జలాశయములలోనో చేపలు తిని, దాని సారమును ఈ చెఱువులో విడుచును. రెట్టలలో పైరునకు బలమిచ్చు నత్రజనియు భాస్వరమును ఉండును. ఆ నీరు పాఱిన మడిలో వరి బలిసి పెరుగును. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచు ఉత్త చేతులతో రాలేదన్నమాట.

పల్లెవారు పక్షులకు అండగా నిలుచుట నేడు పుట్టిన వింత కాదు. నేలపట్టునకు దక్షిణమున, తమిళనాట చెంగల్పట్టు ప్రాంతములో వేడంతాంగల్ అను పల్లెయున్నది. అచ్చటి చెఱువులోను ఇట్లే పక్షులు గూళ్ళు పెట్టును. పదునెనిమిదవ శతాబ్దము చివర ఆంగ్ల సైనికులు వేటకు వచ్చి ఆ పక్షులను తుపాకులతో కాల్చిరి. గ్రామస్థులు ఊరకుండలేదు. కలెక్టరు లయొనెల్ ప్లేసునొద్ద మొఱపెట్టుకొని, పక్షులను కాపాడుకొను హక్కు తమకు కలదని 1798లో కంపెనీవారిచేత కౌలు వ్రాయించుకొనిరి. మన దేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది 1972లో. ఆ రైతులు దానికి నూట డెబ్బదినాలుగు ఏండ్లు ముందుగా మేల్కొనిరి. చరిత్ర గ్రంథములు యుద్ధములకు ఇచ్చిన పుటలలో ఒక్క పుట ఇట్టి కౌలు పత్రములకు ఇచ్చియుండిన బాగుండెడిది.

అట్లని పక్షులు ప్రతిచోటను నిలిచినవని తలంపరాదు. పశ్చిమగోదావరి ప్రాంతమున, కొల్లేటి పరిసరములందు, ఆరేడు అను గ్రామమున్నది. 1946లో కె.కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు అచ్చట గూడబాతుల గూళ్ళను కనుగొనెను. ఆనాడు అందు సుమారు మూడువేల పక్షులు ఉండెను. 1975 ప్రాంతమునకు అందొక్కటియు మిగులలేదు. ముప్పది ఏండ్లు - ఊరిలో పుట్టిన బిడ్డ తాను తండ్రియగునంత కాలము. తండ్రి చిన్ననాట చూచిన పక్షులను కొడుకు కథలలో మాత్రమే వినవలసి వచ్చెను. ఆ మఱుసటి సంవత్సరమే, 1976లో, నేలపట్టు చెఱువును దాని చుట్టునున్న అడవిని ప్రభుత్వము పక్షుల అభయారణ్యముగా ప్రకటించినది.

నేలపట్టు గూడబాతులు పిల్లలను పెంచుకొను చోటు. వానికి ముఖ్యమైన మేతపట్టు పులికాటు సరస్సు. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలుకా తరువాత పెద్దది ఇదియే. ఆంధ్ర, తమిళ రాష్ట్రములు రెండింటిలోను అది వ్యాపించియున్నను అధికభాగము ఆంధ్రలోనే ఉన్నది. సరస్సునకును సముద్రమునకును నడుమ శ్రీహరికోట దీవి గట్టువలె అడ్డుగా నిలిచినది. 1971 నుండి ఆ దీవిమీద రాకెట్టు ప్రయోగములు జరుగుచున్నవి. సూళ్ళూరుపేటనుండి దీవికి పోవు బాట సరస్సు నడుమగా సాగును. శీతకాలమున ఆ బాటపై పోవువారికి దూరమున నీటిమీద గులాబివన్నె చాఱ యొకటి కనబడును. తేఱిపాఱ చూచినచో అది చాఱ కాదు, ఫ్లెమింగోల బారు అని తెలియును.

పత్రికలవారు ఈ పక్షిని రాజహంస యని వ్రాయుదురు. అమరకోశము ఎఱ్ఱని ముక్కు, ఎఱ్ఱని పాదములు, తెల్లని మేను గల హంసను రాజహంస యన్నది గనుక ఆ పేరు కొంత పొసగును. అయితే కావ్యములందలి హంస పాలను నీటిని వేఱుచేయునందురు. ఫ్లెమింగో వేఱుచేయునది నీటిని, బురదను, అందలి సూక్ష్మజీవులను. అది తలను తలక్రిందుగా నీటిలో ముంచి, నాలుకతో నీటిని లోనికి లాగి వెలికి నెట్టును. ముక్కులోని జల్లెడవంటి పండ్లలో చిఱురొయ్యలు, నాచుకణములు చిక్కుకొనును. వాని మేని వన్నె ఆ మేతనుండి వచ్చినదే. పిల్లగా నున్నపుడు ఫ్లెమింగో బూడిదవన్నెలో నుండును.

ఈ పక్షుల పేరిట 2001లో సూళ్ళూరుపేటలో ఒక పండుగ ఆరంభమైనది. దానిని ఫ్లెమింగో పండుగయనియు, పక్షుల పండుగయనియు పిలుతురు. ప్రకృతిని పండుగ చేసికొనుట స్వతంత్ర భారతమున క్రొత్త కాదు. 1950లో కేంద్రమంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవమును నెలకొల్పెను. నాటినుండి ఏటేట జులై మాసమున బడిపిల్లలు మొక్కలు నాటుచున్నారు. పక్షుల పండుగ చలికాలపు పండుగ. సూళ్ళూరుపేటలో సభలు, ఆటపాటలు జరుగును. నేలపట్టులో చెఱువుకట్టపై నుండి దూరదర్శినులతో గూళ్ళను చూపుదురు. భీములవారిపాలెమున పడవలపై సరస్సులో త్రిప్పుదురు. 2020 పిమ్మట కొన్ని ఏండ్లు నిలిచిపోయిన ఈ పండుగ 2025 జనవరిలో మరల జరిగినది.

పండుగలో సందడి లేకుండుట అసంభవము. కాని ఇచ్చట ఒక చిక్కు ఉన్నది. ఎవరి గౌరవార్థము ఈ పండుగయో వారు సందడిని సహింపరు. గూళ్ళకడ కేకలు వేసినచో పెద్దపక్షులు ఒక్కుమ్మడి లేచిపోవును. అవి తిరిగి వచ్చులోపల గ్రుడ్లు ఎండకు మాడును. కాకులు కాచుకొనియే యుండును. కనుక పాటకచేరి పట్టణమున నుండుటయు, చెఱువుకట్టమీద మౌనము ఉండుటయు యుక్తము. అరగంటసేపు మాటాడక నిలిచిన పిల్లవానికి పక్షి తనంతట తాను చూపు విశేషములు, బాకాలో చెప్పు ఉపన్యాసముకంటె ఎక్కువ.

సందడి లేని పండుగ మఱొకటి కలదు. దానికి వేదికయు లేదు, తోరణములును లేవు. 1987 నుండి ఏటేట జనవరి మాసమున ఆసియా ఖండమందలి పలు దేశములలో నీటిపక్షులను లెక్కించుచున్నారు. శాస్త్రజ్ఞులు మాత్రమే చేయగల పని యైనచో ఇన్ని చెఱువులకు వారు చాలరు. అందుచే విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు, ఆసక్తిగల గృహస్థులు వేతనము లేకయే ఇందు పాల్గొందురు. తెల్లవాఱుజామున కట్ట చేరి, సూర్యుని వీపువైపు ఉంచుకొని నిలుతురు. ఎదుట సూర్యుడున్నచో పక్షి నల్లని నీడవలె మాత్రమే కనబడును.

వేలకొలది పక్షులను లెక్కపెట్టుట యెట్లు? ఒక్కొక్కటిగా లెక్కించుచుండగా సగము ఎగిరిపోవును. అందులకు ఒక యుక్తి కలదు. మొదట పది పక్షులను జాగ్రత్తగా లెక్కించి, అవి ఆక్రమించిన స్థలమెంతయో కంటితో పట్టుకొందురు. అట్టివి పది కలిసిన నూరు. ఆ నూరు అను కొలతను గుంపుపై ఒక కొననుండి మఱియొక కొనకు జరుపుకొనుచు పోవుదురు. ఇద్దఱు వేఱువేఱుగా లెక్కించి తుదకు పోల్చుకొందురు. ఒకరికి ఎనిమిదివందలు, మఱియొకరికి వేయి వచ్చుట కలదు. అప్పుడు వాదులాడక మరల లెక్కింతురు. ఏ పక్షియో నిర్ణయింపలేనిచో ఊహించి పేరు వ్రాయరు. ఒక్క ఏటి లెక్కకు విలువ స్వల్పము. ఇరువది, ముప్పది ఏండ్ల లెక్కలు ప్రక్కప్రక్కన చేర్చినపుడు ఏ పక్షి తఱుగుచున్నదో, ఏ చెఱువు చెడినదో కంటికి కట్టినట్లు కనబడును. ఆరేడునందు ఏటేట ఇట్టి లెక్క సాగియుండినచో, పక్షులు మూడువేలనుండి రెండువేలకు దిగిననాడే ఎవరైనను గుర్తించియుందురు.

ఇప్పుడీ లెక్కల యవసరము పూర్వముకంటె హెచ్చినది. భూమి వేడెక్కుచున్నది, 1901 నుండి 2018 వఱకు ప్రపంచ సముద్రమట్టము సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. పులికాటు ప్రాణము ఉప్పునీరు, మంచినీరు కలియు పాళములో నున్నది. కాళంగి, ఆరణి నదులు వానకాలమున మంచినీరు తెచ్చును. సముద్రము తన ముఖద్వారములగుండ ఉప్పునీరు పంపును. వానలు తప్పిన ఏట ఎండలకు నీరు ఇగిరి, మిగిలినది సముద్రముకంటె ఉప్పగును. ఉత్తరమున రాయదొరువు వద్ద ఇసుక మేటవేసి ముఖద్వారము పూడినచో చేపలు, రొయ్యలు సరస్సులోనికి రాలేవు. అప్పుడు మొదట నష్టపోవువాడు జాలరి; వాని వెంటనే పక్షి. ఒకే నీటిమీద ఇద్దఱి బ్రదుకును ఆధారపడియున్నందున, పూడిక తీయవలెనని జాలరులు కోరుట పక్షుల తరఫున కోరుటయు నగుచున్నది.

నేలపట్టులో మాత్రము ఈ పొత్తు అంత సులువు కాదు. వానలు చక్కగా కురిసిన ఏట చెఱువునీరు పొలములకును పక్షులకును చాలును. కొఱతపడిన ఏట ఫిబ్రవరి మాసమున వచ్చు ప్రశ్న కఠినమైనది. మడిలో వరి పొట్టమీద ఉండును. గూటిలో పిల్లలు ఇంకను ఎగురనేరవు. తూము తెఱచి నీరు విడిచినచో చెట్ల మొదళ్ళు బయటపడును, నక్కలకు దారి యేర్పడును. మూసియుంచినచో పైరు ఎండును. పంట పోయిన రైతును నిందించుట పట్టణవాసికి సులభమే గాని, వాని యింట పెట్టవలసిన మెతుకులు ఎవరు పెట్టుదురు? ఇట్టి ఏట ఎంత నీరు విడువవలెనో, ఎన్ని దినములు ఆపవలెనో కట్టమీద కూర్చుండి తేల్చుకొనవలసినది ఆ గ్రామస్థులును, అటవీశాఖవారును. అందులకు ఎన్ని గూళ్ళున్నవో, పిల్లల వయస్సెంతయో తెలిసియుండవలెను. జనవరి చలిలో పిల్లలు వ్రాసికొన్న లెక్క అక్కఱకు వచ్చునది అప్పుడే. పిల్లలు మూడు వారములలో ఎగురునని తెలిసినచో, మూడు వారములు తూమును సగమే తెఱచుటకు రైతు ఒప్పుకొనవచ్చును.

ఏప్రిల్ నాటికి కడప చెట్లమీద ఖాళీ గూళ్ళు మిగులును. ఆ పుల్లలు ఎండకు రాలి, అడుగంటిన చెఱువు బురదలో కలియును. పక్షులు మేత దొరకు తావులను వెదకుకొనుచు నలుదెసలకు చెదరిపోవును. ఊరివారు తూమును పూర్తిగా తెఱచి మిగిలిన నీటిని పొలములకు పాఱింతురు.