కరవు నేర్పిన పాఠము

1876–78 సంవత్సరముల దారుణ క్షామమున ఒంగోలు ప్రాంతపు పేదలు ఆకలితో అలమటించిరి. అచ్చటి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ప్రార్థించి ఊరకుండలేదు. బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టు తీసికొని, వేలాదిమందికి పని చూపి కూలి ఇప్పించెను. అయితే ఆ సాయము సాగినంతకాలము, కోరినవారికిని బాప్తిస్మమీయలేదు. కూటికొరకు మతమున చేరుట ఆయనకు సమ్మతము కాదు. సాయము ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

విద్యార్థులారా! కష్టకాలమున విశ్వాసము చేయవలసిన పనులు రెండు: ఆకలిగొన్నవానికి పని చూపుట, వాని మనస్సును స్వేచ్ఛగా విడిచిపెట్టుట. మొదటిది దయ, రెండవది గౌరవము. గౌరవము లేని దయ పేదవానికి మరియొక భారమే యగును.