ఎగిరే పళ్ళెం: ఒక ఉపమానం కథ

1947 జూన్ 24వ తేదీ మధ్యాహ్నం. అమెరికా వాయవ్యపు కొసన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో కెన్నెత్ ఆర్నాల్డ్ అనే వ్యాపారి తన చిన్న విమానాన్ని తానే నడుపుకొంటూ వెళుతున్నాడు. అగ్నిమాపక సామగ్రి అమ్మడం ఆయన వృత్తి. ఆ పర్వత ప్రాంతంలో కూలిపోయిన ఒక సైనిక రవాణా విమానం ఆచూకీ దొరుకుతుందేమోనని దారి మళ్ళించి, మంచు కప్పిన రైనియర్ శిఖరం చెంత కొంతసేపు గాలించాడు. అప్పుడు ఆయన కంట పడ్డాయి తొమ్మిది వస్తువులు. అద్దంపై సూర్యకాంతి పడినట్లు తళుక్కుమంటూ, ఒకదాని వెనుక ఒకటిగా అవి ఉత్తరం నుండి దక్షిణానికి సాగిపోతున్నాయి. ఆర్నాల్డ్ వట్టి ఆశ్చర్యంతో ఊరుకోలేదు. రైనియర్ శిఖరం నుండి ఆడమ్స్ శిఖరం చేరడానికి వాటికి పట్టిన కాలాన్ని గడియారంలో చూసుకొన్నాడు. 1 నిమిషం 42 సెకన్లు. లెక్క కట్టగా వేగం గంటకు సుమారు 1,700 మైళ్ళని తేలింది. మానవుడు విమానంలో ధ్వని వేగాన్ని దాటడం అదే సంవత్సరం అక్టోబరులో గాని జరగలేదు.

మరునాడు ఆయన ఆరెగాన్ రాష్ట్రంలోని పెండిల్టన్ పట్టణంలో ఒక స్థానిక పత్రిక కార్యాలయానికి వెళ్ళి, తాను చూసిన దానిని విలేఖరులకు వివరించాడు. ఆ వస్తువుల గమనాన్ని వర్ణించడానికి ఆయన ఒక ఉపమానం వాడాడు. సాసరును నీటిమీదికి విసిరితే అది ఎగిరెగిరి పడుతూ పోయినట్లు అవి పోయాయన్నాడు. చెరువుగట్టున నిలిచి పలుచని కుండపెంకును ఏటవాలుగా విసిరి, నీటిపై కప్పగంతులు వేయించిన వారెవరికైనా ఆ ఉపమానం ఇట్టే బోధపడుతుంది.

ఇక్కడ అలంకారశాస్త్రం చదువుకొనే విద్యార్థికి గొప్ప ఉదాహరణ ఒకటి దొరుకుతుంది. ఉపమాలంకారానికి నాలుగు అంగాలు. ఆర్నాల్డ్ మాటలో ఆయన చూసిన వస్తువులు ఉపమేయం, సాసరు ఉపమానం, 'వలె' అన్నది ఉపమావాచకం, ఎగిరెగిరి పడుతూ సాగే నడక సమానధర్మం. ఆకారం ఈ పోలికకు సమానధర్మం కాదు. అవి పలుచగా ఉన్నాయని ఆయన చెప్పిన మాట నిజమే. కాని తరువాత సైన్యానికి గీసి ఇచ్చిన బొమ్మలో ఆ వస్తువు సంపూర్ణ వృత్తం కాదు. ముందుభాగం గుండ్రంగా, వెనుకభాగం మొన తేలినట్లుగా ఉంది. వార్తాసంస్థ తంతిపై దేశమంతటా పాకిన వార్తలో సమానధర్మం జారిపోయింది. రెండు మూడు రోజులలోనే పత్రికల శీర్షికలలో 'వలె' కూడా మాయమై, 'ఎగిరే పళ్ళెం' అనే రూపకం నిలిచింది. నడకను చెప్పిన పోలిక ఆకారానికి పేరైపోయింది.

ఆ తరువాత జరిగినది మరీ విచిత్రం. ఆ వేసవిలో అమెరికా నలుమూలల నుండి వందలాది మంది తాము కూడా ఎగిరే పళ్ళాలను చూశామని చెప్పసాగారు. వారిలో ఎందరో గుండ్రని పళ్ళాలనే చూశారు. ఆకాశంలోని వింత వాహనాలకు నిజంగా ఒక ఆకారమంటూ ఉంటే, అది విలేఖరి పొరపాటుతో సరిగా సరిపోవడం ఎలా సాధ్యం? ఉపమ రూపకమైంది, రూపకం భ్రాంతిమదలంకారమైంది. కావ్యంలో చకోరం వెన్నెల అనుకొని ముత్యాల కాంతిని తాగబోతే మనకు ఆనందం. వార్తాపత్రికలో ఆ పని జరిగితే దానికి అలంకారమనే పేరు చెల్లదు.

ఇంతకూ ఆర్నాల్డ్ చూసినదేమిటి? పెద్ద తెల్లని పెలికన్ పక్షుల బారు అని కొందరు, ఎండమావి వంటి వాతావరణ భ్రమ అని కొందరు ఊహించారు. అందరూ ఒప్పుకొన్న సమాధానం లేదు. ఆయన అబద్ధమాడాడని మాత్రం తేలలేదు. ఈ చరిత్ర చదివేటప్పుడు మనసులో ఉంచుకోవలసిన తేడా ఇదే. చూసినవాడి నిజాయితీ వేరు. చూసిన దానికి పెట్టిన పేరు వేరు.

పేరు పెట్టే తొందర ఎంతటిదో రోజ్వెల్ ఉదంతం చెబుతుంది. న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఒక పశువుల క్షేత్రంలో రేకుకాగితం, రబ్బరు పీలికలు, పుల్లలు, అంటుపట్టీలు చెల్లాచెదురుగా దొరికాయి. 1947 జూలై 8న అక్కడి వైమానిక స్థావరం తమకు ఎగిరే పళ్ళెం చిక్కిందని ప్రకటించగా పత్రికలు పతాక శీర్షిక కట్టాయి. మరునాటికల్లా అది వాతావరణ పరిశీలక బెలూను మాత్రమేనని సైన్యం మాట మార్చింది. సుమారు మూడు దశాబ్దాలు ఆ సంగతి మరుగున పడి ఉంది. 1970వ దశకం చివర అది మళ్ళీ తలెత్తింది. 1980లో దానిపై ఒక పుస్తకం వెలువడి జగత్ప్రసిద్ధమైంది. చివరకు 1994లో అమెరికా వైమానికదళం అసలు విషయం బయటపెట్టింది. సోవియట్ యూనియన్ జరిపే అణుపరీక్షల శబ్దతరంగాలను పై వాతావరణంలో పసిగట్టడానికి 'మొగల్' అనే రహస్య పథకం కింద ఎగరవేసిన బెలూన్ల మాల అది. బెలూను అన్నమాట నిజమే. వాతావరణానిదన్న మాట అబద్ధం. ప్రభుత్వం ఒకచోట అబద్ధమాడిందని తెలిసినవాడు మిగిలిన నిజాలను కూడా నమ్మడు. నాటి నుండి నేటి దాకా రోజ్వెల్ పట్టణం పేరుమీద సాగుతున్న కట్టుకథలలో ఆ గోప్యతకు పెద్ద వాటాయే ఉంది.

బెలూను సంగతి తెలుగువారికి కొత్తదేమీ కాదు. హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుండి శాస్త్రపరిశోధన కోసం భారీ బెలూన్లను దశాబ్దాలుగా ఎగరవేస్తున్నారు. పలుచని ప్లాస్టిక్ పొరతో చేసిన ఆ బెలూన్లు ముప్ఫై కిలోమీటర్లకు పైబడిన ఎత్తుకు చేరతాయి. నేలపై ఇంకా చీకటిగా ఉండగానే ఆ ఎత్తున సూర్యకాంతి సోకుతుంది కనుక తెల్లవారుజామున అవి దీపాలవలె వెలుగుతాయి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలోని ఒక పల్లె పొలాలలో గదిలో సగమంత ఉన్న తెల్లని గూడు ఒకటి దిగింది. గ్రహాంతరవాసుల వాహనమేమోనని చుట్టుపక్కల జనం గుమిగూడారు. ఆ మాట వార్తలకూ ఎక్కింది. అంతరిక్ష పర్యాటకం కోసం స్పెయిన్ దేశపు సంస్థ ఒకటి తయారుచేసిన నమూనా అది అనీ, హైదరాబాదు నుండి బెలూనుకు కట్టి పంపారనీ అధికారులు తెలిపారు. చూడవచ్చిన రైతులను చూసి నవ్వవలసిన పని లేదు. ఆకాశం నుండి తమ పొలంలో దిగిన వస్తువును వారు చూడనే చూశారు. దాని వెంట దాని పేరు దిగలేదు, అంతే.

అమెరికా వైమానికదళం ఈ వార్తలను అశ్రద్ధ చేయలేదు. 1952లో మొదలై 1969లో ముగిసిన 'బ్లూ బుక్' పథకం, అంతకు ముందరి రెండు పథకాలతో కలిపి, 12,618 ఫిర్యాదులను విచారించింది. వాటిలో 701 మాత్రం ఏమిటో తేలలేదు. ఆ పథకానికి తొలి అధిపతి అయిన ఎడ్వర్డ్ రుపెల్ట్ 'పళ్ళెం' అనే మాటను వదలి 'గుర్తుతెలియని ఎగిరే వస్తువు' అనే వ్యవహారాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. యూఎఫ్ఓ అనే పొడి అక్షరాలు అందులో నుండే పుట్టాయి. ఆకారాన్ని గాని, పుట్టుకను గాని సూచించని మంచి పేరది. జనవ్యవహారం దానిని కూడా నిలవనీయలేదు. యూఎఫ్ఓ అంటే గ్రహాంతర వాహనమనే అర్థం స్థిరపడింది. గుర్తుతెలియని లారీ ఢీకొని ఒకరు గాయపడ్డారని పత్రికలో చదివినప్పుడు ఆ లారీ కుజగ్రహం నుండి వచ్చిందని ఎవరూ అనుకోరు కదా! ఇటీవల అమెరికా ప్రభుత్వం ఆ మాటను కూడా మార్చి యూఏపీ అంటున్నది. 2021లో అక్కడి నిఘా సంస్థలు సమర్పించిన నివేదికలో పేర్కొన్న 144 ఘటనలలో ఒక్కదానినే నిశ్చయంగా గుర్తించగలిగారు. అది గాలి తీసిన పెద్ద బెలూను.

బ్లూ బుక్ పథకానికి శాస్త్ర సలహాదారు జె. అలెన్ హైనెక్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు. 1966 మార్చిలో మిషిగన్ రాష్ట్రంలో వరుస రాత్రులలో వింత వెలుగులు కనిపించాయి. చూసినవారిలో పోలీసులు, ఒక కళాశాల వసతిగృహపు విద్యార్థినులు కూడా ఉన్నారు. కిక్కిరిసిన పత్రికా సమావేశంలో హైనెక్, కొన్ని వెలుగులకు చిత్తడినేలలలో కుళ్ళిన వృక్షపదార్థం నుండి పుట్టే వాయువు కారణం కావచ్చునన్నాడు. 'కావచ్చును' అన్న మాటను పత్రికలు వదిలేశాయి. 'చిత్తడివాయువు' ఒక్కటే మిగిలి దేశవ్యాప్తంగా హాస్యాస్పదమైంది. తమను మతిలేనివారుగా చిత్రిస్తున్నారని సాక్షులు నొచ్చుకొన్నారు. ఆ రాష్ట్రానికే చెందిన ప్రతినిధిసభ సభ్యుడు, తరువాతి కాలంలో అధ్యక్షుడైన జెరాల్డ్ ఫోర్డ్, విచారణ జరగాలని పట్టుబట్టాడు. వింతను పెంచి చెప్పడం ఎంత తప్పో, చాలినంత విచారణ లేకుండా దానిని కొట్టివేయడం కూడా అంత తప్పేనని ఆ ఉదంతం హైనెక్‌కు నేర్పింది.

1973లో ఆయనే ఒక స్వతంత్ర అధ్యయన కేంద్రాన్ని స్థాపించాడు. అందులో పూర్తికాలపు పరిశోధకుడుగా పనిచేసిన అలన్ హెండ్రీ ఈ రంగంలోని ఔత్సాహికులందరిలో గౌరవింపదగినవాడు. వింతలను పోగుచేసి మురిసిపోయేవారు ఎందరో ఉన్నారు. వచ్చిన ప్రతి వార్తకు నక్షత్రపటం, విమానాల రాకపోకల వివరాలు, గాలివాటు దగ్గర పెట్టుకొని సమాధానం వెదికినవారు బహు కొద్దిమంది. హెండ్రీ సాక్షులతో స్వయంగా మాట్లాడి, 1,300కు పైగా ఘటనలను పరిశీలించి 1979లో గ్రంథం వెలువరించాడు. పదింట సుమారు తొమ్మిదింటికి మామూలు కారణాలే తేలాయి: నక్షత్రాలు, గ్రహాలు, విమానాలు, ఉల్కలు. రాత్రివేళ దీపాల అక్షరాలతో వ్యాపార ప్రకటనలు చూపుతూ తిరిగే చిన్న విమానాలు ఆయన జాబితాలో విశేషంగా కనిపిస్తాయి. పక్కనుండి చూసినవారికి అక్షరాలు కనబడవు. కదిలే దీపాల వరుస మాత్రమే కనబడుతుంది. అయినా ఎందరో సాక్షులు ఆ దీపాల వెనుక గిరగిర తిరిగే పళ్ళాన్నీ, దానిపై గోపురాన్నీ చూశామని చెప్పారు. దీపాలు విమానానివి; పళ్ళెం పత్రికలది.

ఆకాశంలో అందరికంటె ఎక్కువగా మోసగించేది శుక్రగ్రహం. సూర్యచంద్రుల తరువాత అంతటి ప్రకాశం మరి దేనికీ లేదు. క్షితిజానికి దగ్గరగా ఉన్నప్పుడు దాని కాంతి దట్టమైన గాలిపొరల గుండా రావడం వల్ల ఎరుపు, పచ్చ రంగులలో మినుకుమంటుంది. పలుచని మేఘాలు కదులుతుంటే అదే కదులుతున్నట్లు తోస్తుంది. బస్సులో పోతున్నప్పుడు చంద్రుడు వెంట పరుగెత్తినట్లే ఇదీ వెంబడించినట్లు అనిపిస్తుంది. చిమ్మచీకటిలో ఒంటరి దీపాన్ని రెప్పవేయక చూస్తే, దీపం నిలిచే ఉన్నా, కంటికి అది చలిస్తుంది. 2007 అక్టోబరులో కోల్‌కతాలో తెల్లవారుజామున ఒకరు చేతి కెమెరాతో తీసిన వింత వెలుగు టెలివిజన్ తెరపై వలయంగా, త్రికోణంగా రూపాలు మార్చి సంచలనం రేపింది. అది శుక్రుడు, రూపాలు మార్చింది కుదురులేని కెమెరా. మన పల్లెలలో ఆ వెలుగును వేగుచుక్క అన్నారు. గడియారం లేని రైతు దానిని చూసి కాడి కట్టేవాడు. వేగుచుక్క పేరు తెలిసినవాడికి ఆ వెలుగుతో భయం లేదు. వీధిదీపాల కింద పెరిగిన తరానికి ఆ పేరు దూరమైంది.

పేరు తప్పితే ఎంతటి ప్రమాదమో లడఖ్ సరిహద్దులో రుజువైంది. 2012 ఆగస్టు నుండి 2013 ఫిబ్రవరి వరకు పాంగాంగ్ సరస్సు ప్రాంతంలో కాపలా ఉన్న మన సైనికులకు ప్రతిదినమూ రెండు వెలుగులు కనిపించేవి. ఒకటి సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో, మరొకటి వేకువన నాలుగు గంటల వేళ చైనా వైపు కొండలపై లేచి ఆకాశంలో నెమ్మదిగా సాగేవి. అవి గూఢచర్య విమానాలని సైన్యం అనుమానించింది. మొత్తం 329 సార్లు వాటిని నమోదు చేశారు. 155 సార్లు అవి సరిహద్దు దాటి మన వైపు వచ్చాయని లెక్కించారు. రెండు దేశాల సైన్యాలు ఎదురెదురుగా నిలిచిన చోట అటువంటి పద్దు ఎటు దారితీసేదో ఊహించవచ్చు.

సైన్యం తొందరపడలేదు, బెంగుళూరులోని భారత ఖగోళభౌతిక సంస్థ శాస్త్రజ్ఞులను పిలిపించింది. వెనుక ఉన్న నక్షత్రాలతో పోల్చి ఆ వెలుగుల స్థానం ఎలా మారుతున్నదో కొలవాలన్నది వారి పద్ధతి. భూమికి దగ్గరలో ఎగిరే యంత్రం నక్షత్రాలను దాటుకొని పోతుంది. గ్రహమైతే ఆ ఒక్క రాత్రిలో వాటితో పాటే సాగుతుంది. కొలతలలో ఆ వెలుగులు నక్షత్రాలతో పాటే సాగాయి. పద్నాలుగు వేల అడుగులు దాటిన ఎత్తున, ధూళి లేని పలుచని గాలిలో గ్రహాలు మైదానప్రాంతాలలో కంటె ఎంతో దేదీప్యమానంగా కనిపిస్తాయి. ఆరు నెలలు శత్రువుల యంత్రాలుగా పద్దుకెక్కిన ఆ రెండు వెలుగులలో సాయంత్రానిది బృహస్పతి, వేకువది శుక్రుడు.