ఆడేటందుకు జాగేది? (ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: మా బిడ్డ, అల్లుడు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటరు. పోయిన ఎండాకాలం వాళ్ల దగ్గర ఉండి వచ్చిన. తొమ్మిదేళ్ల మనవడిని వారంలో రెండు సాయంత్రాలు సాకర్ ప్రాక్టీసుకు, శని, ఆదివారాలు మ్యాచ్‌లకు తిప్పుడే వాళ్ల పని. ఎవరింటికి పోయినా "మీవాడు ఏ టీమ్‌లో ఆడుతుండు?" అన్న ముచ్చటే. ఏడో ఎక్కం అడిగితే బిక్కమొగం పెట్టిండు. బిడ్డకు చెప్తే "అమ్మా, ఈ ఊరే అంత" అంటది. ఇదేం ఊరు సార్? ఇట్లయితే పిల్లగాడు ఏమైతడు?
– ఓ అమ్మమ్మ, చిట్కుల్

జవాబు: ఆ ఊరే అంతమ్మా, మీ బిడ్డ అబద్ధం చెప్పలేదు. 1990లో ఫ్రిస్కో జనాభా ఆరు వేల పైచిలుకు. 2020 లెక్కలకు రెండు లక్షలు దాటింది. ఆ పెరుగుదలకు ఆ ఊరి పెద్దలు ఎంచుకున్న దారి ఆట. 2003లో బేస్‌బాల్ జట్టును తెచ్చుకున్నారు. 2005లో సాకర్ స్టేడియం కట్టారు. అమెరికా అంతా పేరున్న డల్లాస్ కౌబాయ్స్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 2016లో తన ప్రధాన కార్యాలయాన్నే అక్కడికి మార్చింది. 2022లో గోల్ఫ్ సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా కూడా అక్కడికే మకాం మార్చింది. ఆట వెంట హోటళ్లు, హోటళ్ల వెంట ఆఫీసులు, ఆఫీసుల వెంట మన పిల్లలు. అక్కడి కార్యసిద్ధి హనుమాన్ గుడికి మీరు పోయే ఉంటారు. ఆ రద్దీ చూస్తే మనవాళ్లు ఎందరున్నారో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే మీరు చూడాల్సింది స్టేడియాలు కావు. డబ్బుంటే స్టేడియం ఎవరైనా కడతారు. ఆ ఊరు చేసిన పనుల్లో నాకు నచ్చినవి రెండు. కౌబాయ్స్ సాధన చేసే పన్నెండు వేల సీట్ల ఇండోర్ స్టేడియం ఉంది కదా, అందులో సర్కారు బడి పిల్లలు కూడా మ్యాచ్‌లు ఆడతారు. కట్టేటప్పుడే నగరమూ, స్కూల్ డిస్ట్రిక్టూ అందులో చేరి ఒప్పందం చేసుకున్నాయి. కోట్లు తీసుకునే ఆటగాడు పొద్దున ఉరికిన పచ్చిక మీద సాయంత్రం పదో తరగతి పిల్లగాడు ఉరుకుతాడు.

రెండోది ఇంకా పెద్ద ముచ్చట. ఫ్రిస్కోలో హైస్కూలు పిల్లల సంఖ్యను సుమారు రెండు వేల దగ్గర ఆపి, జనం పెరిగినప్పుడల్లా ఇంకో బడి కట్టుకుంటూ పోయారు. పక్కనే ఉన్న అలెన్ పట్నం అట్లా చేయలేదు. ఒకే పెద్ద హైస్కూలు పెట్టుకొని, దానికి 2012లో ఆరు కోట్ల డాలర్లతో పద్దెనిమిది వేల సీట్ల స్టేడియం కట్టింది. రెండేళ్లు తిరక్కముందే కాంక్రీటు పగుళ్లిచ్చి కొన్నాళ్లు మూసేశారు కూడా. పగుళ్లు పోనీయండి, లెక్క చూడండి. బడిలో రెండు వేల మందున్నా, ఐదు వేల మందున్నా ఫుట్‌బాల్ జట్టులో ఒకేసారి ఆడేది పదకొండు మందే. బడులు పెరిగితే జట్లు పెరుగుతాయి, జట్లు పెరిగితే ఒక మోస్తరుగా ఆడే పిల్లకు కూడా ఓ జెర్సీ దొరుకుతుంది. నేను పీఈటీగా పనిచేసినన్నాళ్లూ హెడ్మాస్టర్లతో మొత్తుకున్నది ఇదే: ఛాంపియన్ దొరికిండా అని అడగకండి, ఇవాళ ఎంతమందికి చెమట పట్టిందో అడగండి.

ఇక మీ బిడ్డకు రెండు మాటలు. బడి జట్టు వేరు, మనవడు ఆడే ఆ క్లబ్బు వేరు. క్లబ్బులో ఫీజు కట్టాలి, వందల మైళ్లు తిరగాలి, తొమ్మిదేళ్లకే ఒక్క ఆటకు కట్టేస్తారు. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘమే, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, పదిహేను, పదహారేళ్లు వచ్చేదాకా ఒకే ఆటకు కట్టొద్దనీ, వారంలో ఒకటి రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి ఇవ్వాలనీ చెప్తోంది. చిన్నప్పుడే ఒకే మోకాలు, ఒకే భుజం అరిగిపోతే ఇరవై ఏళ్లకు ఆట మీదే విరక్తి పుడుతుంది. సాకర్ ఒక సీజన్ ఆడనీ, ఇంకో సీజన్ ఈత కొట్టనీ. డల్లాస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో పాత బేస్‌బాల్ స్టేడియాన్ని క్రికెట్‌కు మార్చి 2023లో మేజర్ లీగ్ క్రికెట్ మొదలుపెట్టారు. ఓసారి తీసుకుపోయి చూపిస్తే బ్యాటు కూడా పడతాడు.

ఎక్కాలంటారా, అవి మీ బాధ్యత. మ్యాచ్‌కు పోయేటప్పుడు వాడు కారులో గంటసేపు ఊరికే కూర్చుంటాడు. అప్పుడు ఫోన్ చేసి ఏడో ఎక్కం చెప్పించండి, తెలుగులోనే. వాళ్లకు శనివారం పొద్దున అంటే మీకు రాత్రి, అన్నం తిని తీరికగా కూర్చునే వేళ.

ఆ మనవడు ఉరుకుతున్నాడని మీకు బెంగ. చిట్కుల్‌లో ఉన్న మిగతా మనవళ్లు ఎక్కడ ఉరుకుతున్నారో ఎన్నడైనా చూసిన్రా? నాకు ఆ బెంగే ఎక్కువ. మనకూ ఓ క్రీడా నగరం కట్టే ముచ్చట తీరింది. 2003లో ఆఫ్రో ఏషియన్ గేమ్స్ వచ్చేనాటికి గచ్చిబౌలిలో బ్రహ్మాండమైన స్టేడియాలు లేచాయి. చుట్టూ ఐటీ పెరిగింది, అద్దాల మేడలు పెరిగాయి. క్రీడా గ్రామం కోసం కట్టిన పద్నాలుగు అంతస్తుల భవనాన్ని 2020లో కరోనా వేళ టిమ్స్ ఆసుపత్రిగా మార్చారు. కష్టకాలంలో ఆసుపత్రి కావడాన్ని తప్పనను. కానీ అన్నేళ్లూ ఆటగాళ్లు కిటకిటలాడుతూ ఉంటే అది అంత సులువుగా ఖాళీ దొరికేదా?

వెనకట హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు అద్దాల స్టేడియం లేదు. టీచర్‌గా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వచ్చిన భారత జట్టుకు కోచ్ ఆయనే, అందులో మన నగరం పిల్లలు ఎందరో. వాళ్లంతా మట్టి మైదానాల్లో తయారైనవాళ్లు. ఆ మైదానాలకు అప్పుడు గేటు లేదు, గంటకు ఇంతని రేటూ లేదు.

ప్రశ్న: సార్, మన దిక్కు స్టేడియం వస్తే నా ప్లాటు రేటు పెరుగుతదా?
– చిట్కుల్ పాఠకుడు

జవాబు: పెరుగుతది. నీ కొడుకు మాత్రం ఆ స్టేడియం ప్రహరీగోడ బయట ఆడుకుంటడు.

ప్రశ్న: పాశమైలారంలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్న. ఇస్నాపూర్‌లో కిరాయి గది. కానిస్టేబుల్ ఈవెంట్లకు తయారు కావాలని ఉంది. షిఫ్టులు మారుతయి, గ్రౌండ్ లేదు, హైవే సర్వీసు రోడ్డు మీదనే ఉరుకుతున్న. ఎప్పుడు ఉరికితే మంచిది?
– ఇస్నాపూర్ యువకుడు

జవాబు: తమ్ముడూ, ముందు ఆ సర్వీసు రోడ్డు మానెయ్. ట్యాంకర్ డ్రైవర్‌కు చీకట్లో నీ నల్ల టీషర్టు కనపడదు. ఎదురు దిశలో వచ్చే ఆటోకైతే పగలు కూడా కనపడవు.

2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పెట్టారు. దీనికి రోజూ పది కిలోమీటర్లు ఉరకనక్కర్లేదు. వారంలో నాలుగు రోజులు చాలు. రెండు రోజులు నిదానంగా, ముచ్చట పెట్టగలిగేంత వేగంతో అరగంట. ఒక రోజు 400 మీటర్ల ఉరుకు నాలుగుసార్లు, నడుమ మూడేసి నిమిషాలు నడక. ఇంకో రోజు లాంగ్ జంప్, షాట్‌పుట్. చాలామంది ఉరుకులో గెలిచి ఇసుక గుంత దగ్గర ఓడిపోతారు, ఎందుకంటే దాన్ని పరీక్ష రోజే మొదటిసారి చూస్తారు. సెలవు రోజున పటాన్‌చెరు మైత్రి మైదానానికి పో, నీలాంటోళ్లు అక్కడ గుంపుగా దొరుకుతారు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన పొద్దున మాత్రం ఉరకకు. అన్నం తిని పండుకో, సాయంత్రం లేచి చేసుకో. నిద్ర లేని కాలు మడమ దగ్గర తప్పుతుంది.

ప్రశ్న: తెల్లవారుజామున వాకింగ్‌కు పోతే ఫ్యాక్టరీల వాసన గొంతు పట్టేస్తది. అయినా పోవాల్నా?
– రిటైర్డ్ ఉద్యోగి, పటాన్‌చెరు

జవాబు: చలికాలం తెల్లారకముందు పోకండి. నేల దగ్గర చల్లగాలి, పైన వెచ్చటి గాలి మూతలా ఉండి, రాత్రి వదిలిన పొగ మన ముక్కు ఎత్తులోనే నిలిచిపోతుంది. ఎండ పడ్డాక అది కరిగి పైకి లేస్తుంది, అప్పుడు నడవండి. వాసన వచ్చిన తేదీ, వేళ, గాలి ఏ దిక్కు నుంచి వచ్చిందో ఓ నోట్‌బుక్‌లో రాయండి. నెల రోజుల రాతతో కాలుష్య నియంత్రణ మండలికి పోతే ఆ ఫిర్యాదుకు బలం ఉంటుంది. ఫ్యాక్టరీల కాలుష్యంతో నక్కవాగు పాడైందని డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఏళ్ల తరబడి కొట్లాడింది ఈ పటాన్‌చెరులోనే కదా. ఆయన తిరిగిన ఆఫీసులకు మనం ఓ కాగితమన్నా పట్టుకుపోవద్దా?

ప్రశ్న: మా పాప మూడో తరగతి. గల్లీలో మగపిల్లలందరి కన్నా ముందు ఉరుకుతది. అకాడమీకి పంపే స్తోమత లేదు. ఏం చేయాలె?
– ఆటో డ్రైవర్, చిట్కుల్

జవాబు: స్తోమత అక్కర్లేదన్నా. హకీంపేటలో 1993 నుంచి సర్కారు స్పోర్ట్స్ స్కూల్ ఉంది, కరీంనగర్, ఆదిలాబాద్‌లలో కూడా ఉన్నాయి. నాలుగో తరగతిలో చేర్చుకుంటారు, కాబట్టి మీ పాపకు ఇదే సరైన ఏడాది. తిండి, చదువు, శిక్షణ అన్నీ సర్కారే చూస్తుంది. మండలంలో, తర్వాత జిల్లాలో, ఆఖరున రాష్ట్ర స్థాయిలో పరీక్షలుంటాయి. 30 మీటర్ల ఉరుకు, నిలబడి దూకుడు, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసురుడు, 800 మీటర్లు, ఒళ్లు వంచే పరీక్ష, ఎత్తు, బరువు చూస్తారు. మెడిసిన్ బాల్ మన పిల్లలు ముట్టి ఎరుగరు. ఓ పాత బాస్కెట్‌బాల్‌లో ఇసుక కుక్కి కుట్టించి, వాకిట్లో రోజూ విసిరించండి. ఎండాకాలం సెలవుల నుంచే మండల విద్యాధికారి ఆఫీసులో నోటిఫికేషన్ గురించి అడుగుతుండండి. ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, బోనఫైడ్ సిద్ధం పెట్టుకోండి. పుట్టిన తేదీ ఒక కాగితంలో ఒక తీరు, ఇంకో దాంట్లో ఇంకో తీరు ఉంటే ఇప్పుడే సరిచేయించండి. మంచిగ ఉరికే పిల్లలు కూడా ఆ బల్ల దగ్గరే ఆగిపోతుంటారు.

ఆడపిల్లను హాస్టల్‌కు పంపడమా అని చుట్టాలు అంటారు. అననీయండి. వరంగల్ దిక్కు కల్లెడ నుంచి కూలి చేసుకునే ఇంటి పిల్ల దీప్తి జీవాంజి 2024లో పారిస్ పారాలింపిక్స్ దాకా పోయి కంచు పతకం తెచ్చింది. ఆమె మీద కూడా ఊళ్లో లేనిపోని మాటలే పడ్డాయి.

ప్రశ్న: వెంచర్ బ్రోచర్‌లో క్రికెట్ నెట్, స్కేటింగ్ రింక్, జాగింగ్ ట్రాక్ చూపిస్తున్నారు. గజానికి ఎక్కువ అడుగుతున్నారు. పెట్టొచ్చా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: బ్రోచర్ పక్కన పెట్టి మంజూరైన లేఅవుట్ ప్లాన్ అడుగు. అందులో పార్కుకు, ఖాళీ జాగకు చూపించిన ముక్క స్థానిక సంస్థ పేర గిఫ్ట్ డీడ్ అయిందా లేదా చూడు. అయితే అది రేపు కూడా మైదానమే. కాకపోతే రెండో ఫేజ్‌లో అక్కడ ప్లాట్ నంబర్లు పడతాయి. నెట్‌కు, ట్రాక్‌కు గజానికి ఒక్క రూపాయి ఎక్కువ పెట్టకు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లలు క్రికెట్ ఆడి నా కారు అద్దం పగలగొట్టారు. ఆటలు బంద్ పెట్టించాలని తీర్మానం చేయిద్దామనుకుంటున్నా.
– అసోసియేషన్ సభ్యుడు, బీరంగూడ

జవాబు: చేయించండి. తర్వాత వాళ్లు ఫోన్లు పట్టుకొని ఇళ్లలో పడి ఉంటే ఇంకో తీర్మానం చేద్దురు. అయ్యా, అద్దం డబ్బు పిల్లల తండ్రులందరి దగ్గరా సమానంగా వసూలు చేయండి, అది న్యాయం. కార్క్ బాల్ మాన్పించి టెన్నిస్ బాల్ ఇప్పించండి. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఓ వరుస కార్లు బయట పెట్టుకోండి. బాక్స్ క్రికెట్‌కు గంట లెక్కన డబ్బు కట్టే పిల్లలు మీ అపార్ట్‌మెంట్‌లో ఎందరు? మిగతావాళ్లకు ఆ సెల్లారే ఈడెన్ గార్డెన్స్.

ప్రశ్న: మా దగ్గర క్రీడా ప్రాంగణం బోర్డు ఉంది. బోర్డు వెనక ముళ్లచెట్లు. అడిగితే సర్పంచ్ పోయి మున్సిపాలిటీ వచ్చింది, అక్కడ అడగమంటున్నరు. ఏం చేయాలె?
– చిట్కుల్ డిగ్రీ విద్యార్థులు

జవాబు: 2022 జూన్‌లో రాష్ట్రమంతా పెట్టిన ఆ బోర్డులు చాలాచోట్ల ఇట్లాగే ఒంటరిగా నిలబడ్డాయి. మీ దగ్గర కనీసం జాగ ఉంది, అది ఊరకే పోగొట్టుకోకండి. ఇస్నాపూర్ మున్సిపల్ కమిషనర్‌కు ఓ అర్జీ రాసి, రసీదు తీసుకోండి. సర్వే నంబర్, విస్తీర్ణం అర్జీలో రాయండి. జాగకు హద్దురాళ్లు పాతించమని మొదటి కోరికగా పెట్టండి. జిమ్ పరికరాలు తర్వాత అడుగుదురు.

జవాబు వచ్చేదాకా కూర్చోవద్దు. ఆదివారం పొద్దున ఇరవై మంది పారలు, గొడ్డళ్లు పట్టుకొని పోతే తుమ్మకంప మధ్యాహ్నానికి తేలిపోతుంది. నేల తడిపి, చదును చేసి, రోలర్ దొరక్కపోతే నీళ్లు నింపిన డ్రమ్ము దొర్లించండి. కబడ్డీ కోర్టు మగవాళ్లకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆడపిల్లలకు 12, 8. నులక తాడు లాగి పట్టి దాని వెంట సున్నం పోయండి, చేత్తో గీస్తే వంకర పోతుంది. పక్కనే వాలీబాల్‌కు 18, 9 చొప్పున గీసి రెండు కర్రలు పాతండి. నెట్ పై అంచు మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడపిల్లలకు 2.24. కర్రకు రెండు ఎత్తుల దగ్గరా కొక్కేలు కొట్టండి. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఆడపిల్లల కొక్కేనికే నెట్ కట్టి ఉండాలి. ఆ గంటలో మీరు పక్కకు జరిగి స్కోరు రాయండి.