వాన రాకడకు ఒక ఇంగ్లీషు మాట

'వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవు' అనే సామెత మీరు ఇంట్లో పెద్దవాళ్ల నోట వినే ఉంటారు. అందులో వాన రాకడను గురించిన ముక్కను ఇంగ్లీషువాళ్లు ఒక్క మాటలో చెబుతారు. ఆ మాట 'వేగరీస్'. 'వేగరీస్ ఆఫ్ ది మాన్సూన్' అనే పదబంధం ఇంగ్లీషు పత్రికల్లోనూ, భూగోళం, వ్యవసాయం పుస్తకాల్లోనూ తరచుగా కనిపిస్తుంది. చాలామంది విద్యార్థులు దీనిని 'రుతుపవనాల మార్పులు' అని తెలుగు చేసి ముందుకు సాగిపోతారు. అసలు అర్థం అక్కడే జారిపోతుంది. మార్పులన్నీ వేగరీస్ కావు. ఎందుకు కావో ఈ పాఠంలో చూద్దాం.

ముందు మాట పుట్టుక తెలుసుకుందాం. మన 'వేగం'తో దీనికి ఏ చుట్టరికమూ లేదు. లాటిన్‌లో 'వగారి' అంటే తిరగడం, ఒక దారీ తెన్నూ లేకుండా సంచరించడం. ఇల్లూ వాకిలీ లేక ఊళ్లు తిరిగేవాణ్ణి 'వాగబాండ్' అనడం, అర్థం ఒకచోట నిలవని మాటను 'వేగ్' అనడం ఇందులోంచి వచ్చినవే. మీ జీవశాస్త్రం పుస్తకంలోనూ దీని బంధువు ఒకటి ఉంది. పదవ కపాల నాడి పేరు గుర్తు తెచ్చుకోండి. అదే వేగస్ నాడి! మెదడు అడుగున బయలుదేరి, మెడలోంచి దిగి, గుండెను, ఊపిరితిత్తులను పలకరించి, జీర్ణాశయం, పేగుల వరకూ తిరిగి వస్తుంది. ఇంత దూరం తిరుగుతుంది కాబట్టే దానికి 'సంచారి' అని పేరు పెట్టారు.

కాబట్టి 'వేగరీ' అంటే దారి తప్పి తిరిగే పోకడ. ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో, ఎటు పోతుందో ముందుగా చెప్పలేని మార్పు. దీనిని ఎక్కువగా బహువచనంలోనే వాడతారు, వెనుక 'ఆఫ్' చేర్చి దేని పోకడో చెబుతారు. 'వేగరీస్ ఆఫ్ ఫ్యాషన్', 'వేగరీస్ ఆఫ్ మెమరీ' అన్నట్లు. తెలుగులో దీనికి సరితూగే మాట కావాలంటే నిఘంటువు కంటే దినపత్రికే నయం. 'రుతుపవనాల దోబూచులాట' అని మన విలేఖరులు రాస్తారు చూడండి, అది చాలా దగ్గరగా ఉంది. 'ఒడిదుడుకులు' అనే మాట కొంచెం పక్కకు పోతుంది. దానికి 'ఫ్లక్చుయేషన్స్' సరిపోతుంది. అది లాటిన్‌లో 'అల' అనే మాట నుంచి వచ్చింది. కరెంటు వోల్టేజి 230 దగ్గర ఉండవలసింది కాస్త పైకీ కిందికీ ఊగుతుంటే అది ఫ్లక్చుయేషన్.

మా పిల్లల జవాబు పత్రాల్లో 'వేగరీస్ ఆఫ్ డే అండ్ నైట్' అని రాసినవారు ఉన్నారు. వ్యాకరణం దృష్ట్యా తప్పు కనబడదు. విజ్ఞానశాస్త్రం దృష్ట్యా అది పెద్ద తప్పు. రేపటి సూర్యోదయం ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకో పంచాంగం చూసి చెప్పవచ్చు. సముద్రపు ఆటుపోట్లు గంట గంటకూ మారుతాయి, కాని రేవుల్లో వాటి పట్టిక ముందే అచ్చువేసి ఉంచుతారు. నియమం తెలిసిన మార్పుకు ఈ మాట పనికిరాదు.

మరి నియమం ఉన్నా మనకు తెలియకపోతే? గ్రహాల సంగతి చూడండి. నక్షత్రాలన్నీ తమ వరుస చెడకుండా కదులుతుంటే, కుజుడు కొన్ని నెలలు తూర్పుకు నడిచి, ఆగి, వెనక్కి నడిచి, మళ్లీ ముందుకు సాగుతాడు. దీనినే మనవాళ్లు వక్రగతి అన్నారు. గ్రీకులు వీటికి 'తిరుగుబోతులు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇంగ్లీషు 'ప్లానెట్' ఆ మాటే. 1543లో కోపర్నికస్ సూర్యుణ్ణి మధ్యన నిలిపాడు. 1609లో కెప్లర్ కక్ష్య దీర్ఘవృత్తమని తేల్చాడు. భూమి కూడా కదిలే బండే కనుక, పక్క బండిని దాటిపోయేటప్పుడు అది వెనక్కి నడిచినట్లు కనిపిస్తుందని అర్థమయింది. పేరు తిరుగుబోతుగానే మిగిలింది, ఇంగ్లీషులో ఇప్పుడు 'వేగరీస్ ఆఫ్ మార్స్' అని ఎవరైనా రాస్తే నవ్వుతారు.

ఇక వాన దగ్గరకు వద్దాం. నైరుతి రుతుపవనాలు కేరళ తీరాన్ని జూన్ 1న తాకాలని లెక్క. 1918లో మే 11నే వచ్చేశాయి. 1972లో జూన్ 18 దాకా రాలేదు. రెంటికీ మధ్య 38 రోజుల తేడా! వచ్చిన తర్వాత కూడా నిలకడ లేదు. 2002లో జూన్ బాగానే గడిచింది, జులైలో మాత్రం దేశం మొత్తం మీద కురవవలసిన దానిలో దాదాపు సగమే కురిసింది. కాలం ముగిసేసరికి లోటు 19 శాతం తేలింది. ఆ ఏడాది ముందస్తు అంచనా మామూలు వర్షపాతమనే చెప్పింది.

అనంతపురం రైతుకు మొత్తం ఎన్ని మిల్లీమీటర్లన్నది ఒక్కటే లెక్క కాదు. వేరుశనగ ఊడలు దిగే రోజుల్లో మూడు వారాలు చినుకు లేక, ఆ తర్వాత మూడు రోజుల్లో లోటంతా పూడేలా కురిసిందనుకోండి. పట్టికలో 'సాధారణ వర్షపాతం' అని పడుతుంది, చేనులో కాయలు మాత్రం ఉండవు. 'వేగరీస్' అనే మాటలో పరిమాణంతో పాటు సమయం కూడా ఇమిడి ఉందని మరచిపోకండి.

ఈ దోబూచులాటను విప్పాలని మన దేశంలో చాలాకాలంగా ప్రయత్నం జరుగుతూనే ఉంది. హిమాలయాల మంచుకూ వానకూ సంబంధం ఉందని గమనించి, హెన్రీ బ్లాన్‌ఫర్డ్ కాలంలో 1886 నుంచి ముందస్తు అంచనాలు ప్రకటించారు. 1904 నుంచి 1924 వరకు ఇక్కడి వాతావరణ శాఖను నడిపిన గణితవేత్త గిల్బర్ట్ వాకర్, పసిఫిక్ మీద గాలి పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గడం, అది తగ్గితే ఇది పెరగడం కనిపెట్టాడు. పిల్లలు ఎక్కి ఊగే తక్కెడ బల్ల లాంటిదన్నమాట. పసిఫిక్ జలాలు వేడెక్కే ఎల్ నినోకూ దీనికీ సంబంధం ఉందని తర్వాత తేలింది. 2002, 2009, 2015 కరువు సంవత్సరాలు ఎల్ నినో సంవత్సరాలే. సూత్రం దొరికిందనుకుంటారేమో, 1997లో చాలా బలమైన ఎల్ నినో వచ్చినా మన దేశంలో వానలు మామూలు కంటే కొంచెం ఎక్కువే పడ్డాయి! ఆ ఏడాది హిందూ మహాసముద్రపు పడమటి భాగం వేడెక్కి ఉండటం ఒక కారణమని శాస్త్రజ్ఞులు చెబుతారు.

2005 నుంచి కేరళకు రుతుపవనాలు చేరే తేదీని మన వాతావరణ శాఖ మే నెలలోనే ప్రకటిస్తోంది, నాలుగు రోజులు అటూ ఇటూ కావచ్చునని చెబుతూ. ఆ మేరకు ఒక వేగరీ తగ్గినట్లే. అయితే అన్నీ ఇలా తగ్గుతూ పోతాయా? 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు కంప్యూటరు మీద వాతావరణపు లెక్కను రెండోసారి చేస్తూ, 0.506127 అనే సంఖ్యకు బదులు 0.506 అని ఇచ్చాడు. కొంతసేపటికి రెండు ఫలితాలకూ పొంతన లేకుండా పోయింది. నియమాలన్నీ తెలిసినా, మొదటి కొలతలో వెంట్రుకవాసి తేడా చాలు, వారాల తర్వాతి వాతావరణం చేజారడానికి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ మాటను సాకుగా వాడేవాళ్లు ఉన్నారు. చెరువులో ఏళ్ల తరబడి పూడిక తీయక, కట్ట గండి పడ్డాక 'వేగరీస్ ఆఫ్ నేచర్' అని నివేదిక రాస్తే నేను ఒప్పుకోను. వాన పోకడ ముందుగా తెలియకపోవచ్చు, పూడిక సంగతి ఊరందరికీ తెలుసు.

ఇప్పుడు మీకు పని. చంద్రుడు రోజురోజుకూ తరిగి పెరగడం, చొక్కా కాలర్లు ఒక ఏడు వెడల్పుగానూ మరో ఏడు సన్నగానూ రావడం, లోలకం ఊగడం, వీటిలో 'వేగరీస్' దేనికి తగుతుందో చెప్పడం తేలికే. కష్టమైనది ఒకటి ఇస్తున్నాను. మదనపల్లె మార్కెట్టులో టమాటా ధర ఒక నెల ఆకాశంలో ఉంటుంది, మరో నెల కోత కూలి కూడా రాదు. నారు నాటిన రెండు నెలలకు గాని కాయ కోతకు రాదనీ, ధర బాగున్నప్పుడు అందరూ ఒకేసారి నాటుతారనీ గుర్తుంచుకుని, 'ఫ్లక్చుయేషన్స్' రాయాలో 'వేగరీస్' రాయాలో కారణంతో సహా మీ నోటుపుస్తకంలో రాయండి.