పెద్ద బండి ఊగుతోందా? బార్ కంటే ముందు బుష్ చూడండి

స్కార్పియో, ఇన్నోవా, ఫార్చ్యూనర్ లాంటి పెద్ద బండ్లు కొని కిరాయికి తిప్పుకునేవాళ్ళు తరచూ అడిగేది ఒకటుంది: లావుపాటి స్టెబిలైజర్ బార్ వేయిస్తే మలుపుల్లో ఊగడం తగ్గుతుందా అని. తగ్గుతుంది. అయితే బందరు, గుడివాడ, దివిసీమ రోడ్ల మీద బండే జీవనాధారంగా బతికేవాళ్ళు ఆ డబ్బు తీసేముందు కొన్ని చూసుకోవాలి. చాలా బండ్లకు కావలసింది లావు బార్ కాదు, పాత బార్‌కి కొత్త బుష్‌లు.

ముందు చక్రాల మధ్య వంగి చూస్తే అడ్డంగా ఒక స్ప్రింగ్ స్టీలు కడ్డీ కనిపిస్తుంది. అదే స్టెబిలైజర్ బార్. రెండు రబ్బరు డి-బుష్‌లు దాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచుతాయి. దాని చివరల్ని లింక్ రాడ్లు చక్రాల పక్క సస్పెన్షన్ భాగాలకు కలుపుతాయి. మలుపులో బండి ఒరిగితే ఒక చక్రం పైకి, రెండోది కిందికి పోతాయి, కడ్డీ మెలిపడుతుంది. ఆ మెలిక విప్పుకోవాలని కడ్డీ చూపే బలమే బండిని ఎక్కువ ఒరగనివ్వదు. రెండు చక్రాలూ ఒకేసారి లేచినప్పుడు మాత్రం కడ్డీ బుష్‌లలో ఊరికే తిరుగుతుంది. అప్పుడు దానికి పనేమీ ఉండదు.

కృష్ణా డెల్టా డ్రైవర్లు ఈ చివరి సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. మనది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుపోతుంది. తూముల దగ్గర, వంతెనల దగ్గర కాంక్రీటు అలాగే నిలబడి ఉంటే దానికి రెండు పక్కలా రోడ్డు కుంగుతుంది. అలాంటి చోట బండి ముక్కు దించి లేస్తుంది, వెనక సీటులో పెద్దవాళ్ళు ఎగిరిపడతారు. ఎంత లావు బార్ వేసినా ఈ ఎగురుడు తగ్గదు, ఎందుకంటే ఇక్కడ రెండు చక్రాలూ కలిసే దిగుతున్నాయి. అది షాక్ అబ్జార్బర్ల పని. కాబట్టి మెకానిక్ దగ్గరికి వెళ్ళేముందే తేల్చుకోండి: మీ బండి పక్కకి ఒరుగుతోందా, ముందుకీ వెనక్కీ ఎగురుతోందా? ఒక జబ్బుకి ఇంకో మందు వేయించుకుని డబ్బు పోగొట్టుకోవద్దు.

ఒరుగుడే అయితే మొదట టైర్లలో గాలి చూడండి. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఖాళీ బండికి ఒక అంకె, నిండు బండికి ఒక అంకె ఉంటాయి. ఏడుగురిని ఎక్కించి ఖాళీ బండి గాలితో తిరిగితే టైరే పక్కకి వంగుతుంది. తర్వాత టాప్ కారియర్. పెళ్ళి సామానంతా పైన కట్టి, బండి ఊగుతోందంటే తప్పు బండిది కాదు. బరువైనవి సీట్ల కింద, డిక్కీలో సర్దండి, పైన తేలికవే కట్టండి.

ఇక బుష్‌లు. మంగినపూడి బీచ్ కిరాయిలు ఎక్కువగా కొట్టేవాళ్ళ బండ్లలో ఇవి తొందరగా పోయే అవకాశం ఉంది. ఆ బీచ్‌లో ఉండేది నల్లమన్ను, పైగా ఉప్పుగాలి. ఉప్పు బురద డి-బుష్‌కీ కడ్డీకీ మధ్య సందులో దూరి ఎండిందంటే సానరాయిలా కడ్డీని అరగదీస్తుంది. కార్తీక పౌర్ణమికో, మాఘ పౌర్ణమికో సముద్రస్నానాల కిరాయి ముగించుకుని వచ్చిన రాత్రే, ఎంత అలసటగా ఉన్నా, బండి కింద మంచినీళ్ళతో కడిగించండి.

అరుగుదల పట్టుకోవడం కష్టమేమీ కాదు. బండిని చదును నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజను ఆపండి. జాకీ మీద లేపిన బండి కిందికి మాత్రం ఎప్పుడూ దూరకండి. స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పితే చక్రం వెనక లింక్ రాడ్ చేతికి అందుతుంది. దాన్ని పట్టుకుని గట్టిగా కదపండి. టక్కుమని చప్పుడు వచ్చినా, చేతికి లూజు తెలిసినా లింక్ పోయినట్టే. లింక్ చివరి బాల్ జాయింట్ రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు బదులు మన్ను కనిపిస్తే రేపో మాపో పోతుంది. తర్వాత టార్చి వేసి డి-బుష్ చూడండి. దాని పక్కన కడ్డీ మీద రంగు పోయి మెరుస్తున్న గీత, ఎర్రటి తుప్పు పొడి ఉన్నాయంటే బుష్ వదులై కడ్డీ లోపల ఆడుతోంది. చిన్న గతుకుల మీద మెల్లగా పోతున్నప్పుడు ముందు నుంచి వచ్చే టకటక కూడా చాలాసార్లు దీనిదే. డి-బుష్‌లు రెండూ, లింకులు రెండూ జతగా మార్పించండి. లావు బార్ ధరలో ఇది చిన్న భాగం. ఇక్కడితో చాలామందికి పని అయిపోతుంది.

అప్పటికీ చాలకపోతే లావు బార్ మాట ఆలోచించవచ్చు. కడ్డీ బిరుసు దాని మందంతో పాటు మామూలుగా పెరగదు, నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 28 మిల్లీమీటర్ల కడ్డీ తీసి అదే ఆకారంలో 30 వేస్తే బిరుసు సుమారు 32 శాతం పెరుగుతుంది. 32 వేస్తే సుమారు 71 శాతం. కంటికి ఆనని తేడా చేతికి బాగా తెలుస్తుంది. అందుకే ఒక మెట్టు చాలు.

బిరుసు పెరిగినకొద్దీ రెండు చక్రాలూ ఒకదానికొకటి కట్టేసినట్టు అవుతాయి. నాగాయలంక, కోడూరు వైపు అంచులు తిన్న రోడ్లలో ఎడమ చక్రం గుంటలో పడితే ఆ దెబ్బ కుడి పక్కకీ పాకుతుంది, లోపలున్నవాళ్ళ తలలు అటూ ఇటూ ఊగుతాయి. గతుకు దారుల్లో ఈ బార్ అడ్డమని తెలిసే జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో ముందు బార్‌ని బటన్‌తో విడదీసే ఏర్పాటు కంపెనీయే పెట్టింది. కిరాయి బండికి మలుపులో చురుకుదనం కన్నా వెనక సీటులో ముసలమ్మకి కడుపులో తిప్పకపోవడమే ముఖ్యమని నా నమ్మకం.

ముందు బార్ ఒక్కటే బిరుసైతే బండి మలుపులో తిరగకుండా బయటికి జారాలని చూస్తుంది. వెనకది ఒక్కటే బిరుసైతే తోక జారుతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం. చేపల లారీలు నీళ్ళు కార్చుకుంటూ పోయిన రోడ్డు, కోతలప్పుడు ట్రాక్టర్లు మట్టి రాల్చిన కాలవ గట్టు, పక్కనే నీళ్ళు: అక్కడ తోక జారిన బండిని సరిదిద్దుకునే చోటుండదు. వెనకది మాత్రమే మార్చమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. ముందూ వెనకా మీ మోడల్‌కే కలిపి తయారు చేసిన సెట్టయితేనే తీసుకోండి. చివర్లలో రెండేసి రంధ్రాలుంటే లింకుని బయటి రంధ్రంలో బిగించి మొదలుపెట్టండి, అది మెత్తన. పాత ఇనుములో దొరికిన కడ్డీని వేడిచేసి వంచడం, వెల్డింగ్ పెట్టడం అసలే వద్దు. స్ప్రింగ్ స్టీలు పదును వేడికి పోతుంది, తర్వాత ఎక్కడ విరుగుతుందో చెప్పలేం.

బిగించే రోజు దగ్గరే ఉండండి. ముందు రెండు చక్రాలూ సమానంగా లేపి లింకులు విప్పాలి. ఒక పక్కే లేపితే కడ్డీ మెలిపడి ఉంటుంది, నట్టు ఊడగానే చేతిని కొడుతుంది. రబ్బరు బుష్‌లున్న బోల్టుల ఆఖరి బిగింపు బండి బరువు చక్రాల మీద పడ్డాకే చేయాలి. రబ్బరుకి మామూలు గ్రీజు పూయనివ్వకండి, ఉబ్బిపోతుంది. పూయాలంటే సిలికాన్ గ్రీజే.

కాగితాల సంగతి మరవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పులకు హద్దులు పెట్టింది. 2019లో సవరించిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఎల్లో బోర్డు బండికి ఫిట్‌నెస్ కూడా చూస్తారు గనుక, కొనకముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. ఇన్సూరెన్సు కంపెనీకి రాసి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి.

వేయించాక 500 కిలోమీటర్లకు బోల్టులన్నీ మళ్ళీ బిగింపు చూపించండి. ఖాళీ బండితో, తర్వాత ఇంట్లోవాళ్ళందర్నీ ఎక్కించుకుని, మీకు బాగా తెలిసిన దారిలోనే పగలు మెల్లగా నడిపి చూడండి. వాన పడిన రోజు ఇంకోసారి చూసుకున్నాకే దూరపు కిరాయి ఒప్పుకోండి.