రసాలూ, పల్లీలూ, నా షుగరు పుస్తకం

ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళు కండక్టరుగా చేశాను. అందులో సగం విజయవాడ–నూజివీడు రూట్లోనే. మే నెలలో ఆగిరిపల్లి దగ్గర బుట్టలు ఎక్కాయంటే బస్సంతా మామిడి వాసన. టిక్కెట్టు కొట్టిన చేతిలో ఎవరో ఒకరు ఓ కాయ పెట్టేవారు. అలాంటి నాకు 2004లో షుగరు బయటపడింది. దేశంలో షుగరున్నవాళ్ళు పది కోట్ల పైమాటేనని ఐసీఎంఆర్ 2023లో లెక్క తేల్చింది. మా చుట్టాల్లోనే డజను మంది ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఫోన్ చేసి అడిగేది ఒకటే: “బాబాయ్, పండ్లు తినొచ్చా?” అందరికీ విడివిడిగా చెప్పలేక నేర్చుకున్న పాఠాలు ఇక్కడ రాస్తున్నాను.

1. పండ్లు మానేస్తే పథ్యం చేసినట్టు కాదు. మొదట చూసిన డాక్టరుగారు “పండ్లన్నీ బంద్” అన్నారు. రెండేళ్ళు జామకాయ కూడా ముట్టలేదు. పొద్దున ఆరు ఇడ్లీ, మధ్యాహ్నం కంచం నిండా అన్నం, సాయంత్రం పునుగులు మాత్రం మానలేదు. షుగరు ఒక్క మెట్టు దిగలేదు. దొంగ ఒకడైతే శిక్ష ఇంకొకడికి పడిందన్నమాట. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో మామూలు మనిషికి రోజుకు 100 గ్రాముల పండ్లు, 35 గ్రాముల గింజలు చెప్పింది. షుగరున్న నేను ఆ గీత దాటను.

2. మామిడిపండును పెరుగన్నంలోకి పిలవకండి. ఇది చెప్పడానికే ఈ వ్యాసం అనుకోండి. మన కృష్ణా జిల్లాలో పెరుగన్నం, పక్కన రసం పండు లేకపోతే వేసవి వచ్చినట్టే కాదు. ఓ మే నెలలో గ్లూకోమీటరు పెట్టుకుని చూశాను. ఎప్పటిలా అన్నం తిని, పైన చిన్న రసం ఒకటి జుర్రుకున్నాను. రెండు గంటలకు 248. మర్నాడు మధ్యాహ్నం అన్నం మామూలే, పండు లేదు. సాయంత్రం ఐదింటికి బంగినపల్లి ముక్కలు 100 గ్రాములు తూచి తిన్నాను. రెండు గంటలకు 158. నూరు గ్రాముల మామిడి గుజ్జులో చక్కెర సుమారు 14 గ్రాములు, అంటే మూడున్నర చెంచాలు. పిండి పదార్థం లెక్కన అది 50 గ్రాముల ఉడికిన అన్నానికి సాటి. అన్నంతోనే తినాలని మనసు లాగితే ఆ మేరకు అన్నం తీసేయండి. రసాలతో ఇంకో చిక్కుంది: జుర్రుకుంటుంటే ఎంత లోపలికి పోయిందో తెలియదు. అందుకే నాకు కోసుకు తినే బంగినపల్లే మేలు. రసాలకు పేరుపడ్డ నూజివీడు వాళ్ళు నన్ను క్షమించాలి.

నా ఒంటికి వచ్చిన అంకెలు మీకూ వస్తాయని కాదు. మీ మీటరు మీకుంది, అంకెలు రాసుకోవడానికి ఓ నోటుపుస్తకం పది రూపాయలకు దొరుకుతుంది.

3. జ్యూసు పండు కాదు. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఎండకు అల్లాడి బత్తాయి రసం తాగుతాం. గ్లాసుకు మూడు కాయలు పిండుతాడు. అవే మూడు కాయలు ఒలుచుకుని ఒక్క గుక్కలో తినమనండి చూద్దాం! పీచు బుట్టలోకి, తీపి కడుపులోకి. అమెరికాలో లక్షా ఎనభై ఏడు వేల మందిని ఏళ్ళ తరబడి గమనించిన పరిశీలన ఒకటి 2013లో వచ్చింది. ద్రాక్ష, యాపిల్ లాంటివి పండుగా తినేవాళ్ళలో షుగరు తక్కువగా, జ్యూసులు తాగేవాళ్ళలో ఎక్కువగా కనిపించిందట.

4. మన దగ్గరి పండ్లలో నా ఓటు దోర జామకాయకే. నూరు గ్రాములకు అయిదు గ్రాముల పీచు. నమలక తప్పదు కాబట్టి తొందరా ఉండదు. బండివాడు అద్దే ఉప్పుకారం వద్దనండి, బీపీ పక్కింట్లోనే ఉంటుంది. తాటి ముంజల్లో ఎక్కువ భాగం నీరే, భయం లేదు. తేగలు మాత్రం ముంజలకు దాయాదులే అయినా ఒట్టి పిండి. నేరేడు పళ్ళు శుభ్రంగా తినండి. అయితే నేరేడు గింజల పొడి వేసుకుంటున్నానని బిళ్ళలు మానేసి కాలి పుండుతో ఆసుపత్రిలో చేరినవాణ్ణి దగ్గరుండి చూశాను.

5. అరటిపండు: చక్కెరకేళి అయితే సగం. మచ్చలు పడి మెత్తబడినది మనవడికివ్వండి.

6. పల్లీలు గుప్పెడు, అదీ చట్నీ లెక్కతో కలిపి. బాదం తింటేనే ఆరోగ్యం అనుకుని పింఛను డబ్బులు తగలేసే వాళ్ళున్నారు. వేరుశనగ దానికేం తీసిపోదు. నూరు గ్రాముల్లో 25 గ్రాముల మాంసకృత్తులున్నాయి. అయితే 30 గ్రాములకే 170 కేలరీలు. పొద్దున ఇడ్లీలోకి గిన్నెడు పల్లీ చట్నీ వేసుకుని, సాయంత్రం మళ్ళీ వేయించిన పల్లీలు తింటే ఒంట్లో చేరేది కొవ్వే. జీడిపప్పులో పిండి పదార్థం వేరుశనగకు దాదాపు రెట్టింపు. వేటపాలెం పప్పు ఇంట్లో ఉంటే నాలుగు పలుకులు ఉప్మాలో వేసుకుని డబ్బా పైఅరలో పెట్టించండి. పల్లీపట్టి సంగతి అడగొద్దు, అది బెల్లం.

7. విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్లో “షుగరుకు మంచిది సార్” అని ఖర్జూరం, అంజీర్ అంటగడతారు. ఖర్జూరంలో మూడింట రెండు వంతులు చక్కెరే. బెల్లానికి, తాటిబెల్లానికి కూడా షుగరు మాఫీ లేదు.

8. ఉపవాసం రోజున బిళ్ళ సంగతి డాక్టరుగారిని ముందే అడగండి. భవానీ దీక్షలో ఉండగా పొద్దున ఎప్పటిలా షుగరు బిళ్ళ మింగి, ఏమీ తినకుండా ఇంద్రకీలాద్రి మీద క్యూలో నిలబడ్డాను. పది దాటేసరికి చేతులు వణికాయి, ఎర్ర చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. జేబులో బాదం పప్పులుంటే నమిలాను. ఏం లాభం? వాటిలో కొవ్వు ఎక్కువ, చక్కెర రక్తంలోకి త్వరగా రాదు. పక్కనున్నాయన “కూర్చో భవానీ” అని కూర్చోబెట్టి నోట్లో పటికబెల్లం పెట్టాడు. షుగరు 70 కంటే కిందికి పడిపోతే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకు తాగాలి, పావుగంటకు మళ్ళీ చూసుకోవాలి. మూడో పాఠంలో తిట్టిన జ్యూసు ఇక్కడ పనికొస్తుంది, అర గ్లాసు. కార్తీకంలో రోజంతా పండ్ల మీదే ఉండే ఆడవాళ్ళకూ ఇదే మాట.

9. కిడ్నీ రిపోర్టులో తేడా ఉంటే పైన రాసినవి మీకు వర్తించవు. అరటి, బత్తాయి, కొబ్బరినీళ్ళు, గింజలు అన్నింట్లోనూ పొటాషియం ఉంటుంది. క్రియాటినిన్ కాగితం డాక్టరుగారికి చూపించి, ఏది ఎంత తినాలో రాయించుకున్నాకే జామకాయ కొనండి.